సొంత గని లేని జట్టు

2025 మార్చిలో ఢిల్లీ క్రికెట్ జట్టు పెట్టే బేడా సర్దుకుని విశాఖపట్నం వచ్చింది. ఇదే మా సొంత మైదానం అంది. రెండు మ్యాచ్‌లు ఆడి, రెండూ నెగ్గి, మనచేత ఈలలు వేయించుకుని వెళ్లిపోయింది. అదే ఏడు అక్టోబరులో హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు పెట్టే బేడా సర్దుకుని ఢిల్లీ వెళ్లింది. అది మాత్రం తిరిగి రాలేదు. పేరు కూడా మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. తెలుగువాళ్లకూ ఢిల్లీకీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు ఎప్పటిలాగే నడుస్తున్నాయన్నమాట. వాళ్లు మనకు రెండు పూటల సందడి ఇచ్చారు, మనం వాళ్లకు జట్టునిచ్చాం.

ఈ లెక్క తేల్చి చెప్పినవారు కూర్మన్నపాలెం గురువుగారు. ఉక్కు కర్మాగారంలో వైర్ రాడ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. నైట్ షిఫ్టు అలవాటు మాత్రం రిటైర్ కాలేదు. అర్ధరాత్రి దాటాక ఇంగ్లండులో ఎవరో ఎవరితోనో ఆడే ఫుట్‌బాల్ చూస్తారు. పొద్దున్నే కూడలి దగ్గర టీ బడ్డీకి వచ్చి, ఆ జట్టులో ఎవరిని తీసెయ్యాలో, ఎవరిని కొనాలో, ఎంతకు కొనాలో తేల్చేస్తారు. ఆయన మాట లండన్ దాకా వినబడి ఉంటే ఆర్సెనల్ ఈపాటికి ఓ పది కప్పులు కొట్టి ఉండేది. బెంచీ మీద ఓ ఆటో ఆయన, పోర్టులో క్రేను నడిపే ఆయన, ఎల్‌ఐసీ ఏజెంటు, నేను. మేమంతా క్రికెట్ జనం. ఆయనొక్కరే ఫుట్‌బాల్. మైనారిటీ కాబట్టి గొంతు పెద్దది.

గురువుగారిది ఒకటే సిద్ధాంతం: సొంత గని.

“ఏటి బాబూ మన ప్లాంటుకి రోగం? ఫర్నేసులు లేవా? గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ, మూడున్నాయి. డెబ్భై మూడు లక్షల టన్నులు చేసే తాహతుంది. లేనిదేటి? గని. పక్కింటోడు పెరట్లో బియ్యం పండించుకుంటన్నాడు, మనం కొట్లో కొనుక్కుంటన్నాం. కొట్టోడు ధర పెంచితే మనకి పస్తే.”

ఇందులో వ్యంగ్యం కలపడానికి నాకేమీ మిగల్లేదు. 1966లో ముప్పై రెండు మంది ప్రాణాలిస్తే, 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించిన కర్మాగారం ఇది. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజం కిరండూల్ నుంచి బయల్దేరి, అరకు సొరంగాలన్నీ దూరి, కొత్తవలస మీదుగా విశాఖ పోర్టుకొచ్చి జపాన్ ఓడెక్కేది. 1960ల చివరి నుంచీ అదే దారి. ఊరి నడిబొడ్డు నుంచి ఖనిజం సముద్రంలోకి పోతుంటే, ఊళ్లో కర్మాగారానికి మాత్రం సొంత ఇనుప గని లేదు. బజారు ధరకు కొనుక్కోవాలి.

ఇక్కడిదాకా యూనియన్ ఉపన్యాసం. గురువుగారి ప్రత్యేకత, ఇక్కడ్నుంచి సరాసరి ఫుట్‌బాల్లోకి దూకెయ్యడం.

“అప్పుడు జపాను మన దగ్గర ఖనిజం కొనేది, మన చేతిలో ఫుట్‌బాల్ ఓడిపోయేది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో రెండు సున్నాతో కొట్టాం. ఖనిజం పట్టుకెళ్లి ఉక్కు చేశారు. ఓటమి పట్టుకెళ్లి లీగు చేశారు. 1993లో మొదలెట్టారు. 2026 వరల్డ్ కప్పుకి ఆతిథ్య దేశాలు కాకుండా ముందుగా సీటు కొట్టిందెవరు? జపానే. మనం? 2025 నవంబరులో నూట నలభై రెండో ర్యాంకు. ఢాకా వెళ్లి బంగ్లాదేశ్ చేతిలో ఓడొచ్చాం.”

“ఆసియా కప్పు ఉంది కదండీ,” అన్నాడు ఎల్‌ఐసీ ఆయన, పాలసీ ల్యాప్స్ అయినవాడిని ఓదార్చే గొంతుతో.

“2027దా? అదీ పోయింది. కూర్చో.”

జకార్తా మాటొస్తే గురువుగారు టీ పక్కన పెడతారు. ఆ జట్టును కట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ బడిపంతులు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. జట్టంటే వేలంలో కొన్నవాళ్లు కాదు, జీతమిచ్చి పోషించిన పోలీసులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన నడిపిన భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తాలో జర్నైల్ సింగ్ అనే డిఫెండర్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. ఈ రోజుల్లో అయితే స్కానింగులు, మెడికల్ బులెటిన్, టీవీలో నలుగురు మాజీల చర్చ. రహీం గారు అతన్ని వెనక్కి పిలవలేదు, ముందుకు తోశారు. కుట్లతో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫ్లూ నుంచి తేరుకుంటున్న పీటర్ తంగరాజ్‌ను ఫైనల్లో గోలు ముందు నిలబెట్టారు. అప్పట్లో సబ్‌స్టిట్యూట్లే లేరు. కూలబడ్డవాడు కూలబడినట్టే, పది మందితో ఆడాలి. సెప్టెంబరు 4న లక్షమంది ముందు దక్షిణ కొరియా మీద రెండు ఒకటితో గెలిచాం. ఒక గోలు పీకే బెనర్జీది, రెండోది ఆ కుట్లు పడ్డ తలకాయ వాడిదే. మరుసటి జూన్‌లో రహీం గారు క్యాన్సర్‌తో పోయారు. మన ఫుట్‌బాల్ అప్పటి నుంచి సంతాప సభ నడుపుతూనే ఉంది. అధ్యక్షులు మారుతుంటారు.

“ఆయనకి సికింద్రాబాద్ సందుల్లో గనుండేది బాబూ,” అంటారు గురువుగారు. “ఆ జట్టులో ఆడిన బలరాం అమ్ముగూడ నుంచే వచ్చాడు. ఇప్పుడు అమ్ముగూడ నుంచి ఏటొస్తాది? రియల్ ఎస్టేట్ బ్రోచరొస్తాది.”

మరి హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతేమిటి? 2019లో పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో పుట్టింది. అంటే పుట్టుకే బదిలీ మీద వచ్చిన ఉద్యోగం. మొదటి ఏడు అట్టడుగు. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీల్లో ఓడించి ఛాంపియన్. ఆ రాత్రి గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కూర్మన్నపాలెంలో ఒక ఇంట్లో మాత్రం టపాకాయ పేలింది. చుట్టుపక్కలవాళ్లు ఎవరి పెళ్లని అడిగారు. రెండేళ్లు తిరిగేసరికి జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు. బాకీలు తీర్చకుండా కొత్తవాళ్లను తీసుకోవద్దని ఫిఫా నిషేధం పెట్టింది. 2023-24 సీజన్‌లో గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. చేతులు మారింది, తర్వాత ఊరూ మారింది. ఆ క్లబ్బు ముద్ర మీద కోహినూరు వజ్రం బొమ్మ ఉండేది. పెట్టినప్పుడే అనుమానించాల్సింది. కోహినూరు బొమ్మ పెట్టుకున్నది ఏదైనా గోల్కొండలో నిలుస్తుందా?

ఇక ఇండియన్ సూపర్ లీగ్ మొదలైన 2014 గురించి గురువుగారిని కదిపితే బెంచీ ఖాళీ అవుతుంది. ఒక్కో జట్టుకూ ఒక పెద్ద పేరుండాలన్నారు. ఢిల్లీకి ఇటలీ దెల్ పియేరో, పుణెకు ఫ్రాన్స్ ట్రెజెగే, గోవాకు పిరెస్, కేరళకు నలభై నాలుగేళ్ల గోల్‌కీపర్ డేవిడ్ జేమ్స్. అందరూ గొప్పవాళ్లే, అందరూ సర్వీసు ముగించినవాళ్లే. “రిటైరైనోళ్లని కన్సల్టెంట్లుగా మళ్లీ పెట్టుకోవడం మా ప్లాంటులోనే ఉందనుకున్నాను,” అన్నారు గురువుగారు. “తేడా ఒకటే. మాకు ఫేర్వెల్‌లో గోడ గడియారం ఇచ్చారు, వాళ్లకి విమానం టిక్కెట్టిచ్చారు.” మైదానంలో విదేశీయులు మొదట ఆరుగురు, తర్వాత అయిదుగురు, 2021 నుంచి నలుగురు. దేశీయులకు చోటు పెరిగినకొద్దీ దేశం ర్యాంకు పెరగాలి కదా. అది ఎటు పెరిగిందో పైన చెప్పుకున్నాం. సునీల్ ఛెత్రి 2024 జూన్‌లో వీడ్కోలు తీసుకుంటే, గోలు కొట్టేవాడు దొరక్క మరుసటి మార్చిలో నలభై ఏళ్ల వయసులో వెనక్కి పిలిచారు. వచ్చి మాల్దీవుల మీద గోలు కొట్టాడు, పాపం. దేశంలో నూట నలభై కోట్ల మంది ఉన్నారని ఆ రోజు ఎవరూ గుర్తు చేయలేదు.

చివరికి లీగును నడిపే పదిహేనేళ్ల ఒప్పందం 2025 డిసెంబరుతో ముగుస్తుంటే, కొత్తవాళ్లు రండి బాబూ అని ఫుట్‌బాల్ సమాఖ్య టెండరు పిలిచింది. ఒక్క బిడ్డూ పడలేదు. గురువుగారు ఆ రోజు పేపరు మడిచి, కూడలిలో ఉన్న దీక్షా శిబిరం వైపు చూపించారు. 2021 ఫిబ్రవరి నుంచి అక్కడ ప్లాంటు అమ్మొద్దని రిలే దీక్షలు నడిచాయి. “మేం అమ్మొద్దని మొత్తుకుంటే అమ్ముతామన్నారు. అక్కడ కొనండని మొత్తుకుంటే కొనేవోడు లేడు. రెండు ఫైళ్లూ అటూ ఇటూ మారిపోయాయేటో ఓసారి చూసుకోమనండి.” రిలే దీక్ష మీద కూడా ఆయనకో క్రీడా దృష్టి ఉంది. రోజుకో బ్యాచ్ దిగుతుంది, ఇంకో బ్యాచ్ ఎక్కుతుంది. సబ్‌స్టిట్యూషన్లకు పరిమితి లేని ఆట లోకంలో అదొక్కటేనట.

డబ్బున్నవాడు జట్టును తన చుట్టూ కట్టుకోవడం మా ప్రాంతానికి కొత్త కాదులెండి. విజయనగరం మహారాజకుమార్, అదే విజ్జీ గారు, 1936లో భారత క్రికెట్ జట్టును ఇంగ్లండు తీసుకెళ్లారు. కెప్టెన్ ఆయనే. మూడు టెస్టుల్లో మొత్తం 33 పరుగులు కొట్టారు. బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఓడెక్కించి ఇంటికి పంపించారు. పర్యటన ముగిసేలోగా విజ్జీకి సర్ బిరుదు వచ్చింది. టీవీలో యజమానులు డగౌట్ పక్కన చేరి బౌలింగ్ మార్పులు సూచిస్తున్నప్పుడు నాకు ఉత్తరాంధ్ర గౌరవం గుర్తొస్తుంది.

అయితే జట్టు కట్టడంలో నిజంగా ప్రపంచ స్థాయి పనితనం చూడాలంటే స్టేడియానికి పోనక్కర్లేదు, విశాఖ నగరపాలక సంస్థ దాకా పోతే చాలు. ఇది నా వాదన, గురువుగారిది కాదు. 98 వార్డులు. 2021 ఎన్నికల్లో వైసీపీ జెర్సీలో 58 మంది, తెలుగుదేశం జెర్సీలో 30 మంది గెలిచారు. మేయర్ మీద నాలుగేళ్ల దాకా అవిశ్వాసం పెట్టకూడదన్నది నియమం. అంటే ట్రాన్స్‌ఫర్ విండోకు తాళం. 2025 మార్చిలో నాలుగేళ్లు నిండాయి, తాళం ఊడింది. రెండు పక్షాలవాళ్లనూ ఊరు దాటించి క్యాంపుల్లో పెట్టారు. యూరప్ క్లబ్బులు ప్రీ సీజన్ క్యాంపు అనేది దీన్నే. అక్కడ పరుగెత్తిస్తారు, ఇక్కడ పరుగెత్తకుండా చూస్తారు. ఏప్రిల్ 19న అవిశ్వాసం నెగ్గడానికి 74 ఓట్లు కావాలి. సరిగ్గా 74 పడ్డాయి. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఆర్సెనల్‌లో కూడా ఇంత కచ్చితమైన కొనుగోళ్లు చూడలేదని గురువుగారే ఒప్పుకున్నారు. సొంత గని అక్కర్లేకుండా, అవతలివాడి గనిలో తవ్వుకుని, ఒక్క బంతి కూడా తన్నకుండా కప్పు ఎత్తిన జట్టది. 58 మందిని గెలిపించుకున్నవాడికి ఆ 58 ఎందుకు నిలబడలేదని అడగొద్దు. హైదరాబాద్ ఎఫ్‌సీకి ఎందుకు నిలబడలేదో అందుకే కాకపోయినా, దాదాపు అలాగే.

నిబంధనల మార్పు గురించి గురువుగారికి ఉన్న అభిప్రాయాలు నోట్‌బుక్కులో రాసి ఉన్నాయి. ఐపీఎల్ క్రికెట్‌లోకి 2023లో వచ్చిన ఇంపాక్ట్ ప్లేయర్ ఆయనకు అసలు గిట్టదు. 2025 మార్చి 24న ఇదే విశాఖలో, ఢిల్లీ తరఫున అశుతోష్ శర్మ ఇంపాక్ట్ ప్లేయర్‌గా దిగి 31 బంతుల్లో 66 కొట్టి, లక్నో మీద ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. ఊరంతా ఊగిపోయింది. గురువుగారు ఊగలేదు. “పదకొండు మందితో ఆడాలి. పన్నెండో వోడు మజ్జిగ తేవాలి. మధ్యలో వొచ్చి పని చేసేసి వెళ్లిపోయేవోణ్ణి మా ప్లాంటులో కాంట్రాక్టు లేబర్ అంటారు. అశుతోష్‌కి చప్పట్లు కొట్టారు. మావోళ్లని వేలల్లో తీసేస్తే ఎవడు చప్పట్లు కొట్టాడు?”

ఫుట్‌బాల్ నిబంధనల్లో ఆయనకు తెగ నచ్చింది ఎనిమిది సెకన్లది. 2025 నుంచి గోల్‌కీపర్ బంతిని ఎనిమిది సెకన్లకు మించి చేతిలో ఉంచుకుంటే అవతలి జట్టుకు కార్నర్ ఇచ్చేస్తారు. చివరి అయిదు సెకన్లూ రిఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్కపెడతాడు. అంతకు ముందు ఆరు సెకన్లని రాసుండేది, ఎవరూ ఊదేవారు కాదు. “2021 జనవరి 27న ప్లాంటు నూటికి నూరు శాతం అమ్మేస్తామని తీర్మానం చేసి బంతి గుండెలకి హత్తుకున్నారు. 2025 జనవరిలో పదకొండు వేల నాలుగొందల నలభై కోట్ల ప్యాకేజీ ఇచ్చారు. అమ్మం అంటారు. అమ్ముతామన్న కాయితం చింపమంటే చింపరు. ఇన్నేళ్లు బంతి పట్టుకు పడుకున్న గోల్‌కీపర్ని ఏ రిఫరీ వొదిలేస్తాడు? మాకెన్ని కార్నర్లు రావాలి?” క్రేను ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు గానీ షిఫ్టు టైమైపోయింది.

2026 వరల్డ్ కప్పులో ఎండున్నా లేకున్నా ఒక్కో సగంలో మూడు నిమిషాల నీళ్ల విరామం అన్నప్పుడు, ఆ మూడు నిమిషాల్లో నీళ్లకంటే ప్రకటనలే ఎక్కువ పారతాయని నేనన్నాను. గురువుగారు అభ్యంతరం చెప్పలేదు. మూడు నిమిషాలు మాత్రమే నీళ్లొచ్చే పద్ధతి ఆయన వీధికి కొత్త కాదట.

అసలు నిబంధన మాత్రం వేరే ఉంది. వరల్డ్ కప్పులో ఒకప్పుడు పదహారు జట్లు. 1982లో ఇరవై నాలుగు చేశారు. 1998లో ముప్పై రెండు. 2026లో నలభై ఎనిమిది. గురువుగారు ఈ అంకెలు ఒక సిగరెట్ పెట్టె మీద నిలువుగా రాసి చాలాసేపు చూశారు. కురసావో అని కరీబియన్‌లో ఓ దీవి. జనాభా లక్షన్నర పైచిలుకు. గాజువాక నియోజకవర్గం ఓటర్లే అంతకంటే ఎక్కువ. అది కూడా 2026 వరల్డ్ కప్పుకి సీటు కొట్టింది. జట్టులో చాలామంది నెదర్లాండ్స్‌లో పుట్టిపెరిగినవాళ్లు. తాతల ఊరి పేరు చెప్పి జెర్సీ తొడుక్కున్నారు.

ఇది విన్న ఎల్‌ఐసీ ఆయనకు ఆశ పుట్టింది. “అలాగైతే మనకి డాలస్ ఉంది కదండీ. శనివారం శనివారం మన పిల్లలంతా సాకరే ఆడతారు. మా మేనల్లుడి కొడుకు...”

“ఏ పాస్‌పోర్టు?”

“అమెరికాదే. ఓసీఐ కార్డుంది.”

“ఓసీఐతో పొలానికి పట్టా రాదు, టీమ్‌లో చోటూ రాదు. ఆస్ట్రేలియాలో పుట్టిన ర్యాన్ విలియమ్స్ ఆ దేశం పాస్‌పోర్టు వొదులుకొని మన పౌరుడయ్యాడు. మీ మేనల్లుడి కొడుకు పాస్‌పోర్టు వొదులుకుంటానంటే ముందు మీ మేనల్లుడికి గుండెపోటొస్తాది. పాలసీ ఉందా?”

అందుకని గురువుగారు రెండో దారి పట్టారు. జట్టు కట్టనక్కర్లేదు. అకాడమీ అక్కర్లేదు, కోచ్ అక్కర్లేదు. మనం కదలకుండా కూర్చుంటే కప్పే పెరిగి పెరిగి మన దాకా వస్తుంది. ఇరవై నాలుగుకి ఎనిమిది కలిపారు, ముప్పై రెండుకి పదహారు కలిపారు. ఈసారి ముప్పై రెండు కలుపుతారు, ఆపైన అరవై నాలుగు. ఆ లెక్కన ఇంకో రెండు సవరణల్లో నూట నలభై నాలుగు జట్లు. మనది అప్పటికి నూట నలభై రెండో ర్యాంకు. ఇద్దరి కంటే ముందే ఉంటాం. ఒకటే షరతు, మనం ఇంతకంటే దిగజారకూడదు. ఆ షరతు దగ్గర బెంచీ మీద అందరూ కాసేపు నోరు మెదపలేదు.

అప్పుడు మాట్లాడాడు ఆటో ఆయన. అంతవరకూ ఒక్క ముక్క అనలేదు.

“గురువుగారండీ, ఆర్సెనల్‌కి లెఫ్ట్ బ్యాక్ సరైనోడు లేడని మీరు సంకురాత్రి కాణ్నుంచి బెంగెట్టుకున్నారు గదా. మావోడు ఇస్కూల్ టీమ్‌లో లెఫ్ట్ బ్యాకే. ఆదివారం ఉక్కునగరంలో ఆడతన్నాడు. ఓసారొచ్చి చూత్తారేటి?”

గురువుగారు సిగరెట్ పెట్టె కింద పెట్టారు. ఇన్నేళ్లుగా ఆయనతో టీ తాగుతున్నాను, ఆ కళ్లలో అలాంటి వెలుగు చూడటం అదే మొదలు.

“ఎడం కాలేనా?”

“ఎడం కాలేనండి. అన్నం కూడా ఎడం చేత్తో తింటాడని వాళ్లమ్మ తిడతాది.”

“ఎన్నేళ్లు?”

“పదమూడు.”

“పరుగు?”

“మా ఆటో కంటే నయమండి.”

గురువుగారు నోట్‌బుక్కు తీసి కొత్త పేజీలో కుర్రాడి పేరు రాసుకున్నారు. కింద రెండు గీతలు గీశారు. ఆటో ఆయన భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించి, చాలా ఆప్యాయంగా చెప్పారు.

“జాగర్తగా పెంచు. మోకాలికి దెబ్బ తగలనీకు. పద్నాలుగు నిండగానే బెంగుళూరో గోవావో పంపించెయ్. ఇక్కడుంచితే పాడైపోతాడు.”

“ఆదివారం వొత్తారా మరి?”

“ఆదివారమా? ఆదివారం ఆర్సెనల్ మ్యాచుంది బాబూ.”